స్విన్‌హోల్ట్ పందుల అడవే

హెస్టర్‌కు అమ్మ ఆశీస్సులు. మీ మామయ్య పందుల గురించి ఇక బెంగపడకు, గెలిచాం.

ఓక్ అడవిని కొన్న లాటిమర్ గారు దానికి కంచె వేస్తానన్నాడని రాశాను కదా. ఓక్ కాయలు రాలే ఈ నెలలో పందుల్ని మేతకు లోపలికి తోలకపోతే మామయ్య వాటిని అమ్ముకోవలసిందే. మన ఊరి పేరు స్విన్‌హోల్ట్ అంటే పాత ఇంగ్లీషులో పందుల అడవి, అక్కడ పందుల్ని మేపడం ఊరికి మొదట్నించీ ఉన్న హక్కు అని నేనంటే, "కాదండీ, స్వేన్ అనే దొరగారి అడవి" అన్నాడాయన. చర్చి ఆవరణలో మన పెద్దల సమాధులు చూపించాను. ఊరి పేరు ఒక రాతిమీద స్వైన్‌హోల్ట్, ఇంకోదానిమీద స్విన్నోల్ట్, మరోదానిమీద స్వన్నల్.

"మీవాళ్లకు సొంత ఊరి పేరే రాయడం రాదు" అని నవ్వాడు.

"చెక్కినవాడికి ఎలా వినబడితే అలా చెక్కాడు. లోపలికి రండి" అని, ఊరంత పాతదైన జ్ఞానస్నానపు రాతి తొట్టి వెనకనున్న బల్లలు జరిపించాను. తొట్టికి గోడవైపు చెక్కిన బొమ్మలో ఒకడు కర్రతో ఓక్ కొమ్మ దులుపుతున్నాడు, కింద రెండు పందులు మేస్తున్నాయి.

"అక్కా, నాకు స్నానం చేయించింది ఇందులోనే కదా, ఎప్పుడూ చూడలేదే" అన్నాడు మా వెంట వచ్చిన మామయ్య.

"నువ్వు ఏడుపు ఆపితే కదరా చూడటానికి" అన్నాను.

లాటిమర్ గారు వంగి చాలాసేపు చూశాడు. కంచె మానేస్తానన్నాడు.

శనివారం పందుల్ని తోలుతున్నారు. పందులు వెంటొచ్చేలా కాయల బకెట్ ఆడిస్తూ ముందు నడవాల్సింది ఊళ్లో అందరికంటే పెద్దవాళ్లు, ఈసారి నేనే. మీ ఇంట్లో ఉండిపోయిన నా రబ్బరు బూట్లు తీసుకురా. ఆపిల్స్ కోయించావా? పిల్లల్ని శుక్రవారం పొద్దుటి రైలుకే బయల్దేరదియ్యి. బడి ఒకరోజు పోయినా ఈసారికి నేనేమీ అనను. అందరికీ నా దీవెనలు.