నా మనవరాలికి సున్నా ఇప్పించవలసినదిగా కోరుట

పరీక్షల బోర్డు కార్యదర్శి గారి సముఖమునకు, బడి వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పదవ తరగతి ఇంగ్లీషు మాట్లాడే పరీక్షలో "గైర్హాజరు" కొట్టివేసి "సున్నా" వేయించుట గురించి.

1. నా మనవరాలు సదరు పరీక్షకు హాజరైనది. నేనే తీసుకువెళ్లి గేటు బయట నిలబడ్డాను. లోపల ఆమె చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. అయినను మార్కుల పత్రంలో గైర్హాజరు అని వచ్చినది. రాత పరీక్షలన్నీ బాగానే రాసింది. ఈ ఒక్క మాటతో మొత్తం పరీక్షే తప్పినట్టు తేల్చారు. నెలాఖరులోగా పాసైన కాగితం చూపకపోతే నర్సు శిక్షణలో వచ్చిన సీటు పోతుంది.

2. కారణం తెలుసుకొనుటకు తమ కార్యాలయమునకు వచ్చితిని. నాకు మాటలు తక్కువ. కౌంటరు ముందు నిలబడితే ఉన్నవి కూడా పోతాయి. వెనకాయన "కదలవయ్యా, నిలబడే నిద్రపోతున్నావా" అన్నాడు. గుమాస్తా గారు కంప్యూటరు చూసి చెప్పారు.

"పిల్ల నోరు విప్పలేదు పెద్దాయనా. మాట్లాడకపోతే రానట్టే లెక్క."

"సున్నా వేయండి బాబూ," అన్నాను. సున్నా వచ్చినా మొత్తం మీద గట్టెక్కుతుందని వాళ్ల లెక్కల టీచరు చెప్పింది.

"సున్నా ఊరికే వస్తుందా? తప్పో ఒప్పో మాట్లాడితేనే సున్నా. తర్వాత ఎవరు?"

3. పై జవాబు మీద నా అభ్యంతరము. నా మనవరాలు చదివిన ఇంగ్లీషు మీడియం బడిలో ఇంటి మాట ఒక్కటి జారినా పిల్లను వరండాలో నిలబెట్టేవారు. ఒకటో తరగతిలో దాహం వేస్తోందని ఇంటి మాటలో అడిగి నిలబడింది. ఆ తర్వాత దాహం వేసినా అడగలేదు. "చాలా బుద్ధిమంతురాలు, క్లాసులో ఉన్నట్టే తెలియదు" అని ఏటేటా ప్రోగ్రెస్ కార్డులో మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయి సంతకం పెట్టాను. ఇన్నేళ్లూ నోరు మూయించింది మీరు. చివరి రోజున తెరవలేదని, అసలు రానేలేదంటారా?

4. ఆ రోజు ఏం అడిగారో ఆమె చాలా రోజుల దాకా చెప్పలేదు. నేను కాజాలు కుడుతుంటే పక్కన కూర్చుని చెప్పింది.

"మీ తాత ఏం పని చేస్తాడు అని అడిగింది తాతా, ఆ మేడమ్."

"టైలరు అనకపోయావా అమ్మా."

"అది మనింట్లో అనే మాటే కదా. అక్కడ పనికిరాదేమో, ఇంకేదైనా పెద్ద మాట ఉందేమో అని వెతుక్కుంటున్నా. ఈలోపు చాలు, వెళ్లు అంది."

సూది వేలికి గుచ్చుకుంది. పరీక్ష రోజు గేటు దగ్గర వరుసలో నిలబడిన పిల్లల యూనిఫారాలు సగం నేను కుట్టినవే.

5. కావున సున్నా ఇప్పించవలెను. నేను మార్కులు అడుక్కోవడం లేదు. దయ కూడా నాకు అక్కర్లేదు. పిల్ల వచ్చి మీ ముందు నిలబడి మాట కోసం వెతుక్కుంది. దానికి మీ లెక్కలో ఏమీ రాకపోతే ఏమీ రాలేదనే వేయండి. మనిషే రాలేదని మాత్రం రాయకండి.

చిత్తగించవలెను. అంత తీరిక లేకపోతే చదవనైనా చదవవలెను.

తమ విధేయుడు
(ఇలా రాయాలని మీ ఆఫీసు ముందు స్టాంపులు అమ్మే ఆయన చెప్పాడు కాబట్టి రాశాను.)
కుట్టుమిషను తాత

మరిచిపోయాను: అర్జీ పెట్టినవాళ్లను విచారణకు పిలుస్తారట. పిల్లను కూడా తీసుకొస్తాను. తమరు ఎదురుగా కూర్చుని "ఏం కావాలి" అని అడిగితే నాకు మాట రాకపోవచ్చు. పిల్లకీ రాకపోవచ్చు. అందుకే ముందే రాసిస్తున్నాను. మేము ఏమీ మాట్లాడకపోయినా సరే, ఇద్దరు వచ్చారని రాసుకోండి.