నాలుగు గళ్ళ నడక

ప్రియమైన అక్కా,

ఇక్కడికి వచ్చాక జిగురు గురించీ చిరిగిన కాగితాల గురించీ తప్ప నేనేమీ రాయలేదు. "మనుషులెవరూ లేరటే ఆ ఊళ్ళో?" అని అడిగావు. ఉన్నారు.

గ్రంథాలయంలో మేము పాత పుస్తకాలు బాగుచేసే గదిలో పెద్ద బల్ల ఒకటి ఉంది. శనివారం సాయంత్రం దాని మీది జిగురు డబ్బాలు తీసేసి గళ్ళ కాగితం పరుస్తారు. మా పెద్ద బైండరుగారు కథ చెబుతారు. గుహలు, రాక్షసులు, మంచు కొండలు. తక్కినవాళ్ళం ఆ కథలో మనుషులం. ఒక్కొక్కరికి గోరంత బొమ్మ. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే, "కూర్చో పిల్లా, అక్కణ్ణుంచి చూస్తే బొమ్మ నడవదు" అన్నారాయన.

పాములూ నిచ్చెనల ఆటలో పాచిక చెప్పినంత నడుస్తాం కదా. ఇందులో నడక పాచిక చేతిలో లేదు. అది ఎవరికి వారికి పుట్టుకతో వచ్చినది. నేను అడవి జాతి పిల్లను, నా వంతు వస్తే ఆరు గళ్ళు. మరుగుజ్జు యోధుడికి నాలుగే. ఆ యోధుణ్ణి ఆడించేది మా వీధి పళ్ళ డాక్టరుగారు. పెద్దావిడ, మైకు మింగిన గొంతు.

"పాపం, నాలుగేనా?" అన్నాను.

"పాపమెందుకమ్మా? అది శిక్ష కాదు, కొలత" అన్నారు బైండరుగారు. "ఇంకో సంగతి చెప్పనా? ఇనప కవచం తొడిగితే నీ ఆరు కాస్తా నాలుగైపోతాయి. ఆవిడవి తగ్గవు. ఎంత బరువెత్తినా నాలుగంటే నాలుగే."

నాకు నువ్వు గుర్తొచ్చావు. చిన్నప్పటి జ్వరానికి కాలు దెబ్బతిన్నాక బడి వరసలో నువ్వు ఎప్పుడూ చివరే. కాన్వెంటు సిస్టర్ చప్పట్లు కొడుతూ తొందరపెట్టేది. నీ నడకని కొలత అన్నవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరూ లేరు.

ఇంకా వింత ఏమిటంటే, అందరి వంతులూ ఒక చుట్టు పూర్తయితే కథలో గడిచేది ఆరు సెకన్లట. దానికి మాకు అరగంట పట్టింది. ఒకరు నడుస్తుంటే లోకమంతా ఆగి చూస్తుంది. ఆరు సెకన్లు ఇంత పెద్దవని నాకు తెలియదు. గది గోడలు వెనక్కి జరిగిపోయినట్టయింది.

ఇక అసలు మాట. నా శిక్షణ ఈ నెలతో అయిపోతుంది. ఇక్కడే ఉద్యోగం ఇస్తామన్నారు. వద్దని చెప్పి వచ్చేస్తాను. పొద్దున్నే నువ్వు పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం దాకా నీతో ఎవరు నడుస్తారు? అమ్మతో ఇప్పుడే చెప్పకు.

నీ పిచ్చుక


అక్కా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. ఉద్యోగం వద్దని ఇంకా చెప్పలేదు. నిన్నటి ఆటలో నేను చచ్చిపోయాను.

పాత గని సొరంగంలో మా వెనక నీళ్ళు పెరిగి వస్తున్నాయి. ఎదురుగా ఇనప తలుపు మెల్లగా దిగుతోంది. దాని పక్కనే చక్రం ఉంది, పట్టుకుంటే తలుపు ఆగుతుంది. తక్కినవాళ్ళు ముందే బయటపడ్డారు. లోపల మిగిలింది నేనూ, మరుగుజ్జూ. నా వంతు వచ్చింది. నాలుగు గళ్ళు నడిచి, ఆ యోధుడి పక్కన ఆగాను.

"ఇంకా రెండున్నాయి. వాడుకోవా? చక్రం అందుతుంది" అన్నారు బైండరుగారు.

"వద్దండీ. పక్కనే ఉంటాను."

తలుపు పడింది. నీళ్ళు వచ్చాయి. నేను ఏదో గొప్ప పని చేశాననుకున్నాను అక్కా, కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమ్మాయ్, నాకు తోడు రమ్మన్నానా నిన్ను?"

"ఒక్కరే ఉంటారని..."

"ఒక్కదాన్నే వచ్చేదాన్ని! నా నాలుగు గళ్ళు నాకు చాలు. నువ్వా చక్రం పట్టుకుని ఉంటే నింపాదిగా, పాట పాడుకుంటూ వచ్చేదాన్ని. ఇప్పుడు చూడు, చచ్చాం ఇద్దరం, చక్కగా చేతులు పట్టుకుని!"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. బస చేరాక నవ్వు ఆగిపోయింది. అప్పటినుంచి ఒక్క ప్రశ్న తొలిచేస్తోంది. నీ పక్కన నడుస్తూ నేను చేసింది కూడా ఇదేనా? మొహమాటపడకుండా చెప్పు. నువ్వు రమ్మంటే వచ్చేస్తాను.

పిచ్చుక


ఒసేయ్ పిచ్చుకా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు చేరాయి. మొదటిది చదివి ఒళ్ళు మండింది. రెండోది చదివి ఆ డాక్టరుగారికి దణ్ణం పెట్టుకున్నాను.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. నువ్వు నా కోసం నెమ్మదిగా నడిచేదానివి, నాకు తెలుసు. నీకు తెలియనిది ఒకటుంది. నువ్వు అలా ఆగి ఆగి నడుస్తుంటే నాకు ప్రాణం చివుక్కుమనేది. అందుకని నిన్ను ఆపకూడదని నేను తొందరగా నడిచేదాన్ని. దుకాణం చేరేసరికి మోకాలు భగ్గుమనేది. నీకు కనబడకుండా బల్ల వెనక స్టూలు మీదికి చాపి కూర్చునేదాన్ని. అంటే నువ్వు నడిచింది నీ నడక కాదు, నేను నడిచింది నా నడక కాదు. ఇన్నేళ్ళూ ఎవరిదీ కాని నడకొకటి మనిద్దరం కలిసి నడిచాం. ఇందులో నీ తప్పేమీ లేదే. ప్రేమ ఉన్నచోట నోరు పెగలదు, అంతే.

నువ్వెళ్ళిన మొదటి వారం భయమేసింది. తర్వాత చూసుకుంటే మోకాలు నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని నిన్న దుకాణం మూశాక ఇంటివైపు తిరగకుండా ఎదురుగా నడిచాను. ఎవరూ నా కోసం ఆగడం లేదు, నేనెవరి కోసమూ ఉరకడం లేదు. నడుస్తూ నడుస్తూ నది మీది వంతెన దాకా వెళ్ళిపోయానే! పుట్టి బుద్ధెరిగాక ఆ నదిని బస్సు కిటికీలోంచే చూశాను, రెప్ప వేసేలోగా అయిపోయేది. అది అంత వెడల్పని నాకు తెలియదు. నీళ్ళు కదులుతున్నట్టే లేవు, అయినా ఒక పడవ దానంతటదే సాగిపోతోంది. పొద్దు వాలేదాకా రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాను. ఆలస్యంగా వచ్చానని అమ్మ తిట్టింది. ఆ తిట్లు ఎంత బాగున్నాయో!

ఉద్యోగంలో చేరు. అమ్మకి నేను చెప్పేశాను. కాసేపు ఏడ్చి, నీ దుప్పటి పార్సిలు చేయించమంది.

రేపు సెలవు. వంతెన దాటి అవతలికి వెళుతున్నాను. అక్కడ ఏముందో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు.

అక్క