ఆకుపచ్చ బిళ్లలకి ఆఖరు తేదీ

సెప్టెంబర్ 9, సోమవారం

జునిపర్ క్లబ్ తలుపు మీద నోటీసు అంటించారు. క్యాసినో చేతులు మారింది. డబ్బుకి బదులు జూదంలో వాడే పాత చిప్స్ ఎవరి దగ్గరున్నా అక్టోబర్ 31 లోగా కౌంటర్‌లో ఇచ్చి డబ్బు తీసుకోవాలట. ఆ తర్వాత అవి ఉత్త బిళ్లలు.

అక్కడి కాఫీషాపులో ముప్పై ఏళ్లు ప్లేట్లు మోశాను. నోటీసు మాత్రం బయట నిలబడి, దారిన పోయేవాళ్లతో పాటు చదువుకున్నాను.

సెప్టెంబర్ 10

ఇంటిని వెచ్చబెట్టే హీటర్ ఈసారి పూర్తిగా చచ్చింది. మెకానిక్ తొమ్మిది వందల డాలర్లన్నాడు. ఈ ఎల్కో ఊళ్లో అక్టోబర్‌కే మంచు పడుతుందని నాకు వాడు చెప్పాలా?

సాయంత్రం బెన్యాట్ గదిలోకి వెళ్లాను. అడుగు సొరుగులో ఊలు మేజోడు, అందులో నలభై ఆకుపచ్చ చిప్స్. ఒక్కోటీ పాతిక డాలర్లది. వాడు వెళ్లిపోయిన వారానికే చూశాను. తిరిగొచ్చి అడుగుతాడని ముట్టుకోలేదు.

ఇరవయ్యొక్కేళ్లుగా ముట్టుకోలేదు.

సెప్టెంబర్ 12, తెల్లవారుజామున

నిద్ర పట్టలేదు. ఎవరికీ చెప్పనిది ఇక్కడైనా రాసుకుంటాను.

బెన్యాట్ నా తమ్ముడు. నాకన్నా నాలుగేళ్లు చిన్న. అమ్మానాన్న పోయాక ఈ ఇంట్లో మేమిద్దరమే. నేను క్లబ్‌లో కాఫీ పోసేదాన్ని, వాడు అదే క్లబ్‌లో పేకలు పంచేవాడు. 2003 ఏప్రిల్‌లో ఒక రాత్రి తాగి వచ్చాడు, అది ఆ వారంలో మూడోసారి. నీ మొహం మళ్లీ నాకు చూపించకు అన్నాను. పొద్దున లేచేసరికి వాడి పికప్ బండి లేదు.

షెరిఫ్ దగ్గరికి వెళ్లాను. పెద్దవాడు, తన బండిలో తను పోయాడు, మేమేం చేస్తామమ్మా అన్నాడు. ఊళ్లో వాళ్లు ఇంకోటన్నారు. గ్రాసియానా ఇరిగారై నోటికి, అంటే నా నోటికి, దడిసి తమ్ముడు ఊరే వదిలేశాడన్నారు. నిజమే కాబోలని నేనూ అనుకున్నాను.

సెప్టెంబర్ 13, శుక్రవారం

చిప్స్ పట్టుకుని కౌంటర్‌కి వెళ్లాను. డోడీ ఉంది. నాతో పాటే ఉద్యోగంలో చేరింది, ఇంకా ఆ ఇనుప చువ్వల వెనకే కూర్చుంటోంది. మేజోడు బోర్లించగానే ఒకటి తీసి వెలుగులో పెట్టి చూసింది. ఏమే గ్రాసీ, ఈ రకం 2004లోనే ఆపేశాం కదే, ఏ సమాధిలోంచి తవ్వుకొచ్చావ్ అంది. ఐదు వందలు దాటితే ఫారం నింపాలట. పేరు, అడ్రసు, సంతకం. వాటితో పాటు 'ఇవి మీకెలా వచ్చాయి' అని ఒక గడి.

ఆ గడి దగ్గర ఆగిపోయాను. బహుమతి అని రాసెయ్యవే, అందరూ అదే రాస్తున్నారు అంది. చేతికి రాలేదు. తర్వాత వస్తానన్నాను.

డోడీ అటూ ఇటూ చూసి చువ్వల దగ్గరికి వంగింది. నేను చెప్పానని ఎక్కడా అనకు, నా ఉద్యోగం ఊడుతుంది అంది. పోయిన వారం ఈ రకానివే మూడు పోస్టులో వచ్చాయట, ఈలీ నుంచి. మా ఆయన బెన్ ఒకప్పుడు మీ దగ్గర పేకలు పంచేవాడు, ఇవి ఆయన కోటు జేబులో దొరికాయి అని ఒకావిడ ఉత్తరం రాసిందట. ఇక్కడ బెన్ అనే పేరుతో పేకలు పంచిన మగాడు మీ బెన్యాట్ కాక ఇంకెవడే, నువ్వే చెప్పు అంది.

చిన్న కాగితం మీద అడ్రసు రాసి, చిల్లర ఇచ్చినట్టు నా చేతిలో పెట్టింది.

సెప్టెంబర్ 14

ఈలీ. మూడు గంటల దారి. అంతే.

సెప్టెంబర్ 17

వాడికి అరవై రెండు నిండి ఉంటాయి. పెళ్లి చేసుకున్నాడు. నన్ను పిలవలేదు.

వాణ్ని ఏమని తిట్టాలో వంట చేస్తూ పైకే అనుకుంటున్నాను. ఇవాళ కిటికీ తెరిచి ఉందని చూసుకోలేదు. పక్కింటావిడ ఎవరైనా వచ్చారా అని అడిగింది. ఇంకా రాలేదన్నాను.

సెప్టెంబర్ 20, శుక్రవారం

రొట్టె చేశాను. నాన్న గొర్రెల వెంట కొండల్లో ఉన్నప్పుడు ఇనుప కుండలో కాల్చే పెద్ద రొట్టె. బెన్యాట్‌కి పైన మాడిన పెచ్చు ఇష్టం. కావాలనే కొంచెం మాడ్చాను. రేపు వెళ్తున్నాను.

సెప్టెంబర్ 21, రాత్రి

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వెల్స్ ఊరి దాకా బాగానే వెళ్లాను. అక్కడ దక్షిణానికి తిరిగాక గంటన్నర పాటు ఎదురుగా వచ్చిన బండ్లు నాలుగు. రెండుసార్లు పక్కకి ఆపి వెనక్కి తిరుగుదామనుకున్నాను. పక్క సీట్లో రొట్టె వాసన. తిరగలేదు.

నీలం రంగు ట్రైలర్ ఇల్లు. తలుపు తీసినావిడ పేరు వెల్మా. లాండ్రీలో పని చేస్తుంది, చేతులు ఎర్రగా నానిపోయి ఉన్నాయి. నేనెవరో చెప్పకముందే నా మొహం చూసి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. మీరు అక్క కదూ అంది. అవునన్నాను. ఫిబ్రవరిలో పోయాడండీ, ఊపిరితిత్తులు అంది.

రొట్టె చేతిలోనే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆమే తీసుకుంది.

తర్వాత కూర్చోబెట్టి అంతా చెప్పింది. చిప్స్ వాడు బల్ల మీంచి దొంగిలించినవే. ఆ నెలంతా రోజుకి ఒకటో రెండో. అప్పటి ఓనర్ పట్టుకున్నాడు. పోలీసుల్ని పిలవను, తెల్లారేలోగా ఊరు వదిలిపో, మళ్లీ ఇక్కడ కనపడితే మీ అక్క ఉద్యోగం కూడా పోతుందన్నాడట. ఆ కబురు మోసుకునే వాడు ఆ రాత్రి తాగి ఇంటికొచ్చింది. నాకు చెబుదామనే వచ్చాడట. నేను నోరు తెరిచేసరికి ఇక చెప్పలేకపోయాడట.

అయితే నా మాట వల్ల కాదన్నమాట, అన్నాను. మీరు తిట్టారని చెప్పాడు గానీ, ఏమన్నారో ఎప్పుడూ అనలేదండీ, అంది వెల్మా. అబద్ధమాడేవాళ్ల మొహం కాదు ఆమెది. నేను ఇరవయ్యొక్కేళ్లు మోసిన మాట వాడికి గుర్తు కూడా లేదేమో.

ఆ ఓనర్ పోయి పదేళ్లయింది. మరి అప్పుడైనా రావచ్చు కదా అని అడిగాను. వచ్చాడండీ ఒకసారి, అంది. క్లబ్ ఎదురుగా రోడ్డవతల బండి ఆపుకుని కూర్చున్నాడట. నేను డ్యూటీ దిగి బయటికి రావడం చూశాడట. కిందికి దిగలేదు. ఇంటికొచ్చి ఒకటే మాటన్నాడట: అక్క జుట్టుకి రంగేసుకుంది.

దిగి పిలవచ్చు కదరా వెధవా. రోడ్డు దాటితే చాలు కదరా.

స్మశానానికి తీసుకెళ్లింది. రాయి మీద బెన్ గ్యారీ అని ఉంది. ఇరిగారైలో తోక మాత్రం ఉంచుకున్నాడు. ఆయన పూర్తి పేరు నాకీమధ్యే, పాత కాగితాలు చూశాకే తెలిసిందండీ, పలకడం కూడా రాదు అంది వెల్మా. రెండుసార్లు పలికి చూపించాను. ఆమెకి సరిగ్గా రాలేదు. ఇద్దరం చలిలో నిలబడ్డాం.

అక్టోబర్ 2

మంచు పడింది. కోటు వేసుకునే పడుకుంటున్నాను.

అక్టోబర్ 8

మొన్న ఆదివారం మా గొర్రెల కాపరుల కుటుంబాల వేడుకలో, పొడుగు బల్ల దగ్గర, అందరి మధ్యా కూర్చుని గొర్రెమాంసం తిన్నాను. ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను? ఇరవయ్యొక్కేళ్ల కింద పోయాడనుకున్నవాడు మొన్న ఫిబ్రవరిలో పోయాడని?

అక్టోబర్ 29, మంగళవారం

మళ్లీ కౌంటర్‌కి వెళ్లాను. ఫారం తీసుకుని పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. 'ఇవి మీకెలా వచ్చాయి' గడిలో రాశాను: నా తమ్ముడు బెన్యాట్ ఇరిగారై 2003లో ఈ క్లబ్‌లో పేకలు పంచేటప్పుడు దొంగిలించాడు. నాకు చెప్పలేదు. ఈ సంవత్సరం ఫిబ్రవరిలో ఈలీలో చనిపోయాడు. నేను అతని అక్కని.

గడి చాలక అంచు మీదికి కూడా పోయింది.

డోడీ చదివి తల పట్టుకుంది. వెర్రిమొహమా, వెయ్యి డాలర్లే, ఇంట్లో హీటర్ లేదే అంది. కొత్త మేనేజర్‌ని పిలవక తప్పలేదు. పాతికేళ్లవాడు, మర్యాదస్తుడు. రెండుసార్లు చదివాడు. మేడం, అప్పుడు నష్టపోయినవాళ్లు ఇప్పుడు లేరు, మాకు దీంతో ఏ పేచీ లేదు, కానీ ఇలా రాసి ఉంటే నేను డబ్బివ్వలేను, ఇంకో ఫారం ఇస్తాను, దయచేసి వేరేగా రాయండి అన్నాడు.

ఈ ఫారం ఏం చేస్తారని అడిగాను. ఫైల్లో పెడతామన్నాడు. ఎన్నేళ్లు ఉంచుతారన్నాను. చాలా ఏళ్లు అన్నాడు. అయితే ఇదే ఉంచండి అన్నాను. చిప్స్ కూడా అక్కడే వదిలేశాను. అవి వాళ్లవి.

డోడీ నన్ను తలుపు దాకా సాగనంపింది. నువ్వు మారవే అంది. కోపంగానే అంది, కానీ చెయ్యి వదల్లేదు.

ఎందుకలా చేశానో ఇంటికొచ్చి ఆలోచించాను. నిజాయితీ అని కాదు. చిన్నప్పుడు కిరాణా కొట్టులో పిప్పరమెంట్లు దొంగిలించింది ఇద్దరం కలిసే. రాయి మీద వాడి పేరు సగమే ఉంది. నా పేరు పక్కన వాడి పేరు పూర్తిగా ఉన్న కాగితం ఈ ఊళ్లో ఇప్పుడొకటి ఉంది.

అక్టోబర్ 31

గడువు అయిపోయింది. మెకానిక్‌తో నెలనెలా కడతానని ఒప్పందం చేసుకున్నాను. రేపు వస్తాడు.

నవంబర్ 10, ఆదివారం

వెల్మా ఫోన్ చేసింది. చిన్నప్పుడు వాడు ఎలా నవ్వేవాడని అడిగింది. నవ్వి చూపించాను. కాదు, ఆఖర్లో ఇలా ఉండేది అని తనూ నవ్వింది.

ఇంకొకసారి నవ్వమన్నాను.