అరుగుతో సహా అమ్మబడు ఇల్లు

రేపల్లెలోని దుర్గాంబకు శుభాశీస్సులు.

గృహక్రయం వంటి గంభీర విషయాలను లిఖితపూర్వకంగానే తెలియజేయవలెను. ఫోనులో నువ్వు మధ్యలో మాట్లాడే ప్రమాదం ఉన్నందున ఈ కార్డు రాయడమైనది.

తెనాలిలో నూర్ బీ గారి పాత పెంకుటిల్లు చూశాను. మన తాహతుకు అందేది ఇదొక్కటే. గదులు కొలవడానికి అరుగు మీద కుట్టుమిషను పెట్టుకున్న ఇమామ్ సాహెబ్ గారిని టేపు అడిగాను. ఆయన అలవాటుగా నా నడుము కొలిచి, "నలభై రెండండి" అంటూ పుస్తకంలో రాసుకున్నారు.

"నేను ఇల్లు కొనడానికి వచ్చానండి."

"అయితే నన్ను కూడా చూసుకోండి బాబూ. ముప్పయ్యేళ్ల నుంచి ఇక్కడే ఉన్నాను."

లోపలి నుంచి నూర్ బీ గారు, "అన్నయ్య అరుగు దిగడండి. అందుకు మీరు సరేనంటేనే అమ్ముతాను" అన్నారు.

సూత్రప్రాయంగా అంగీకరించాను. వచ్చే శుక్రవారంలోగా నువ్వు సరేననకపోతే ఇల్లు వేరేవారికి పోతుంది. ఆ ఒక్క మాట ఫోనులో చెప్పవచ్చు. మిక్సీ బాగుచేయించావా? ఆధార్ నకళ్లు పంపు. మన అబ్బాయి హేమంత్‌కు దీవెనలు.

సాహెబ్ గారు మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు వీధిగుమ్మానికి అడ్డంగా పడుకుంటారు. కావున ఆ గంటలో మనమే కాదు, లక్ష్మీదేవి వచ్చినా పెరటి దారినే రావలెను. ఇది తుది నిర్ణయం. దీనిపై అప్పీలు లేదు.

పూర్ణచంద్రరావు