డయాఫ్రంకి కొబ్బరినూనె

బావా,

మూడు విజిల్స్ రాగానే కుక్కర్ కట్టెయ్యి. బాత్రూంలో ఉన్న నా డయాఫ్రం ముట్టుకోకు, పారెయ్యకు కూడా. డాక్టరు టెర్మిన్ ఇచ్చిన రోజు పట్టుకెళ్లాలి.

నువ్వు మీటింగ్‌లో ఉన్నావు, మైకు ఆన్‌లో ఉంది. అందుకే అరవకుండా రాస్తున్నా. పొద్దున కాఫీ తాగుతూ ఎంత గొప్పగా చెప్పావు! "లాక్‌డౌన్‌లో ఈ జర్మనీలో కుక్కర్‌కి కొత్త గాస్కెట్ ఎక్కడ దొరుకుద్ది? ఎండిపోకుండా నెల నుంచీ కొబ్బరినూనె రాస్తున్నా. పన్లో పని, నీ డయాఫ్రంకి కూడా" అని. నెల నుంచీనా, బావా? నూనె తగిలితే ఆ రబ్బరు పాడైపోతుందని డాక్టరు నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఇప్పుడే కడిగి, నీళ్లు పోసి పట్టుకుంటే అంచు దగ్గర చుక్క కారింది. నిన్న రాత్రి గర్భం రాకుండా ఆపుతుందని నమ్మి పెట్టుకున్నది దాన్నే కదా, ప్రభువా!

అపోతెకె మందుల షాపుకి పరిగెడుతున్నా, గర్భం రాకుండా ఇప్పుడు వేసుకునే మాత్ర అడగడానికి. బయట లైను ఉంటుంది, ఆలస్యమవుద్ది. కొత్తది తెచ్చుకున్నాక దాని జోలికి రాకు. దానికి సబ్బు నీళ్లు చాలు.

కెరోలిన్

పెళ్లయిన దగ్గర్నుంచి నా తలకి ఒక్కసారన్నా నూనె పెట్టావా?