మందు పేటలోనే ఉంది

జగ్గయ్యపేట,
16-11-2025, ఆదివారం.

బూరెమ్మా,

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి ఆమనిని అత్త పుష్పవతి దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి గనక రాస్తున్నాను. అక్కడ మీ అమ్మానాన్నలు కులాసా అని తలుస్తాను.

సౌభాగ్యవతి అని నీకు ఇప్పుడు రాయకూడదని మీ మామయ్య పక్క నుంచి చూసి అన్నారు. కాగితం నాది, కోడలు నాది, రాస్తానన్నాను. ఆయన కొట్లోకి వెళ్ళిపోయారు. నేను చదివింది ఐదో తరగతి, తప్పులుంటే దిద్దుకుని చదువుకో. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తట్లేదు. ఎత్తినా బాగున్నానత్తయ్యా అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

మా బావగారి అమ్మాయి యామిని చేత దీన్ని పంపుతున్నాను. తన చేతిలో ఐసు వేసిన డబ్బా ఉంటుంది. ముందు అది తీసి ఫ్రిజ్‌లో పెట్టు. పిల్లని గుమ్మంలో నిలబెట్టకు, లోపల కూర్చోబెట్టు.

పోయిన మంగళవారం మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. ఇన్సులిన్ ఒక పూట వేసుకుని ఒక పూట మానేస్తున్నావట. అన్నం కెలికి లేచిపోతున్నావట. కిందటి నెల స్పృహ తప్పితే ఆసుపత్రిలో పెట్టారట, నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావట. ఎందుకే ఇట్లా అంటే, ఆయన్ని మింగిన మందు నా ఒంట్లోకి ఎలా ఎక్కించుకోను అన్నావట. చిన్నప్పటి నుంచీ ఆ సూది మీదే బతుకుతున్నదానివి, మానితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. అయినా ఆ మాట నీది కాదు. ఎవరిదో నాకు తెలుసు.

శ్రావణంలో మన సాయి బెజవాడ నుంచి వస్తూ కీసర దగ్గర లారీ కింద పడ్డ రోజు, బండికి తగిలించిన సంచిలో ఐసు డబ్బా దొరికింది. అందులో ఇంజక్షన్లున్నాయని పోలీసులు చెప్పారు. డబ్బా బావగారే తీసుకున్నారు, మనం ఎవరమూ తెరిచి చూడలేదు. పిల్లాడు ఇంటికి చేరకముందే ఆయన వాకిట్లో నిలబడి, కోడలి ఇన్సులిన్ బెజవాడలో చవగ్గా వస్తుందని వెళ్ళి వీడు ప్రాణం పోగొట్టుకున్నాడని అందరికీ చెప్పారు. వచ్చినవాళ్ళంతా అదే పట్టుకున్నారు. మందు అయిపోతోందని ముందురోజు నువ్వే వాడితో అన్నావు గదా, నువ్వూ నమ్మావు. నాకు ఆ రోజు ఎవరు ఏమంటున్నారో చెవికి ఎక్కలేదు.

మీ అమ్మ ఫోన్ పెట్టేశాక ఒకటే ఆలోచన పట్టుకుంది. చవక అంటున్నారు సరే, ఎంత చవక? ఇంటినిండా వ్యాపారస్తులం, ఆ ఒక్క ముక్క ఎవరమూ అడగలేదు. నాకు మందుల సంగతి తెలియదు గానీ, కొట్లో కూర్చుని కూర్చుని బేరం సంగతి తెలుసు. ఆ రోజు కొట్టుకి సరుకు తెచ్చే రోజు కూడా కాదు. వేరే పనేదీ లేకుండా, పేట నుంచి బెజవాడకి ఒట్టి మందు కోసం పోయి రావాలంటే ఎంత మిగలాలి?

బుధవారం నీ మందు అట్టపెట్టె ఒకటి బీరువాలో ఉంటే అది పట్టుకుని మీ నందిగామ బస్సెక్కాను. మీ వీధి దాకా రాలేదు, కోపం తెచ్చుకోకు. సంగతి తేలకుండా నీ మొహం చూడదల్చుకోలేదు. బస్టాండు దగ్గర రెండు షాపుల్లో అడిగాను. ఇద్దరూ ఒకటే రేటు చెప్పారు. ఇది ప్రభుత్వం రేటు కట్టిన మందమ్మా, ఎక్కడైనా ఒకటే, మహా అయితే బెజవాడలో పాతికో ముప్పయ్యో తగ్గిస్తారు, మీ బస్సు చార్జీకి కూడా రాదు అని నవ్వాడు రెండో ఆయన.

ఇంకో షాపు చూద్దామని లోపలి బజారుకి వెళ్ళాను. అట్టపెట్టె సంచిలోంచి తీసేలోపే, షుగరు ఇంజక్షను రేటెంత బాబూ అన్నాను. ఆయన, షుగరుకా అమ్మా, సన్నబడ్డానికా అన్నాడు. సన్నబడ్డానికీ ఇంజక్షనుంటుందా అంటే, ఫ్రిజ్‌లోంచి పెన్నులాంటిది తీసి చూపించాడు. అది షుగరున్న వాళ్ళకీ డాక్టర్లు రాస్తారట, ఇప్పుడు ఒళ్ళు తగ్గడానికే ఎక్కువ మంది అడుగుతున్నారట. నెలకి పద్నాలుగు వేలట. ఆ డబ్బు పెడితే నీకు ఏడాది పొడుగునా మందు వస్తుంది. నేను నోరు తెరిచి చూస్తుంటే ఆయన, దీనికైతే బెజవాడ వెళ్ళండమ్మా, అక్కడ రెండు వేల దాకా తగ్గుతుంది, మా వల్ల కాదు అన్నాడు.

సాయి సంచిలో దొరికిన ఐసు డబ్బా కళ్ళ ముందు మెదిలి అక్కడే నిలబడిపోయాను. కళ్ళు తిరిగాయనుకుని మంచినీళ్ళిచ్చాడు పాపం.

పేటలో బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా డేవిడ్‌రాజు మందుల షాపుకి వెళ్ళాను. సాయి ఎప్పుడూ నీ మందు అక్కడే కొనేవాడు గదా. అతన్నీ రేటు అడిగాను. అతను రేటు చెప్పలేదు. ఫ్రిజ్ తలుపు తీసి, కింది అరలో వెనకెక్కడో ఉన్న కవరు తెచ్చి నా ముందు పెట్టాడు. దాని మీద మన కొట్టు పేరు రాసి ఉంది.

"ఆ రోజు పొద్దున్నే డబ్బులిచ్చేశాడమ్మా మీ అబ్బాయి. బెజవాడ పోయొస్తున్నా, ఇంట్లో ఇచ్చి వెళ్ళే టైము లేదు, మా ఆవిడ మందుకి చల్లదనం తప్పకూడదు, సాయంత్రం తీసుకుంటా అన్నాడు. తర్వాత నేనే తెచ్చిద్దామంటే మీ గడప తొక్కడానికి నాకు కాళ్ళు రాలేదు."

బూరెమ్మా, విన్నావా? నీ మందు పేటలోనే ఉంది. ఇన్నాళ్ళూ అక్కడే ఉంది. వాడు నీ కోసం బెజవాడ పోలేదు. నీ కోసం వాడు చేసిందల్లా అది చల్లగా దాచిపెట్టడమే.

మొన్న శుక్రవారం మూడో మాసికం. భోజనాల దగ్గర బావగారు మళ్ళీ మొదలుపెట్టారు. ఆ ఇంజక్షన్లే వాణ్ణి తిన్నాయి, ఆ అమ్మాయి ఇక ఈ గడపకి రాకపోవడమే మంచిది అన్నారు. నేను నెయ్యి వడ్డిస్తున్నాను. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన ముందు గొంతెత్తి ఎరగను, నీకు తెలుసు. నెయ్యి గిన్నె కింద పెట్టేశాను.

"బావగారూ, ఆ మాట ఈ ఇంట్లో ఇదే ఆఖరుసారి కావాలి. ఇన్సులిన్‌కి బెజవాడ పోతే ఎంత మిగులుతుందో కనుక్కునే వచ్చాను" అన్నాను. ఆయన అన్నం కలుపుతూనే, ఆడవాళ్ళకి ఈ ధరల గోల ఎందుకమ్మా అన్నారు.

"ముప్పై ఏళ్ళుగా మీ కొట్లో కందిపప్పు ధర చెబుతున్నది నేనే గదండీ, అప్పుడు ఆడదాన్ని కాదా? పాతిక రూపాయలు మిగులుతాయని మనిషిని బెజవాడ పంపే వ్యాపారం మన వంశంలో ఎవరూ చెయ్యలేదు. నా కోడలి మందు డేవిడ్‌రాజు దగ్గరుంది, నా కళ్ళతో చూసొచ్చా. మరి ఆ డబ్బాలోది ఎవరి మందో మీరు చెప్పండి."

ఆయన మీ మామయ్య వైపు చూశారు, నీ భార్యని లోపలికి పొమ్మనరా అన్నట్టు. మీ మామయ్య తల వంచుకునే, "అది అడిగినదాంట్లో తప్పేముందన్నయ్యా" అన్నారు. ఆయన విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. నేను నెయ్యి గిన్నె తీసుకుని మిగతావాళ్ళకి వడ్డించాను.

ఇక నీ సంగతి. పెళ్ళిచూపుల్లో మీ నాన్న షుగరు సంగతి దాచకుండా చెబితే బావగారు అప్పుడూ లేవబోయారు. అప్పుడు సాయి, ఉప్పూ పప్పూ తూచి అమ్మేవాళ్ళం పెదనాన్నా, అన్నం తూచి తినే పిల్లే మనకి సరిపోతుంది అన్నాడు. అందరూ నవ్వారు, నువ్వూ నవ్వావు. బూరె తినకూడనిదానికి, బుగ్గలు చూసి బూరెమ్మ అని పేరు పెట్టాడు. వాడు పోయాక ఆ పేరుతో పిలవడానికి నేను ఒక్కదాన్నే మిగిలాను. పిలిస్తే పలకడానికి నువ్వుండాలి.

ఇక్కడికి రావాలనిపిస్తే రా. అక్కడే ఉండి బీఈడీ పూర్తి చేసి టీచరువవుతానంటే అదీ మంచిదే. నీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అడ్డం వస్తే నేనున్నాను. గొంతు ఎలా ఎత్తాలో ఇప్పుడు వచ్చేసింది నాకు.

యామిని తెచ్చిన డబ్బాలో ఉన్నది సాయి కొన్న మందే. డేట్ చూసి ఇంకా వాడొచ్చని డేవిడ్‌రాజు చెప్పాడు. వచ్చే నెలది నేనే పంపుతాను, ఇక్కడి నుంచే.

మీ అమ్మానాన్నలకి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
సాయి అమ్మ, నీ అత్త,
పుష్పవతి.

తా.క. బావగారు చెప్పకుండా పోయిన జవాబు ఆ సాయంత్రమే నాకు తెలిసింది. ఆ రోజు సాయి బండికి ఉన్న డబ్బాలోది యామిని మందు. ఒళ్ళు తగ్గితేనే చూపులకి వస్తామని సంబంధం వాళ్ళంటే, వాళ్ళ నాన్న ఆ సన్నబడే ఇంజక్షను మొదలుపెట్టించారు. రెండు వేలు కలిసొస్తాయని సాయిని పంపింది ఆయనే. యామినే వంటింట్లోకి వచ్చి, నా ఎదుట నేల మీద కూర్చుని చెప్పింది. పంపడం నేరమని నేను అనను. దాన్ని నీ మీదకి తోశారు చూడు, అది నేను బతికుండగా మన్నించను. పిల్లకి ఇందులో పాపం లేదు. ఇంజక్షను మానేసింది, సంబంధం వద్దని తండ్రి మొహం మీదే చెప్పింది. ఇవన్నీ వదినకి నేనే చెప్పుకుంటా పిన్నీ అంది. నీ ఎదురుగా నోరు పెగలదేమోనని ముందే రాస్తున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టు, పడుతుంది. వెళ్ళగొట్టకు. శ్రావణం నుంచి అది కూడా సరిగ్గా తినట్లేదు. నువ్వు ఇంజక్షను వేసుకో, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కడుపు నిండా అన్నం తినండి.