అక్క రెండు ఫోటోలు

మార్చి 4

ఉద్యోగం పోయి ఐదు నెలలు. ఇప్పుడు నా పని ఇది: ఎవరి సరుకుకో నేను ఫోన్లలో యాడ్ వేస్తాను. నా లింక్ నొక్కి ఎవరైనా కొంటే నాకు కమీషన్. యాడ్ ఖర్చు మాత్రం నాదే. ఈసారి పట్టుకున్న ఆఫర్ ఒళ్ళు తగ్గించే టీ. ఆరు యాడ్లు వేశాను, ఒక్కటీ కదల్లేదు. కంపెనీ ఇచ్చిన ఫోటోల్లో అమ్మాయిలు మరీ షోకేసు బొమ్మల్లా ఉన్నారు. ఎవరు నమ్ముతారు?

మార్చి 7

అక్క ఫోటోలు రెండు వాడాను. ఒకటి పెద్దమ్మ కూతురి పెళ్ళిలోది, బొద్దుగా, నవ్వుతూ. ఇంకోటి మొన్న బాల్కనీలో నేనే తీసింది. బావ పోయి పద్నాలుగు నెలలు. అప్పటినుంచీ అక్క నా దగ్గరే ఉంటోంది. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోతుంది. పందొమ్మిది కిలోలు తగ్గింది. ఫోటోల మధ్య బాణం గుర్తు పెట్టి, కింద 'ఆరు వారాల్లో' అని రాశాను.

తనను అడగలేదు. తను ఇవేవీ చూడదు. మా ఊళ్ళో యాడ్ కనబడకుండా సెట్ చేశాను కూడా.

మార్చి 8, ఉదయం 7

అమ్ముడవుతోంది!

మార్చి 15

బడ్జెట్ మూడింతలు చేశాను. కామెంట్లే కామెంట్లు. ఎంత చక్కగా ఉన్నారండీ, రోజుకి ఎన్నిసార్లు తాగారు అని ఒకావిడ. థాంక్యూ అండీ, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి అని జవాబిచ్చాను. అక్కే రాసినట్టు. పక్క గదిలో అక్క దగ్గుతోంది.

మార్చి 23

అక్క కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ ముఖానికి ముఖం పెట్టి ఫ్రేములు సరిచేసే పని. ఇవాళ వేరే ఊరినుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దావిడ, ఫ్రేము పెట్టించుకుంటూనే, నువ్వు ఆ టీ అమ్మాయివి కదూ అందట. కాదండీ అంటే వినలేదట. ఫోన్ తీసి చూపించిందట.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా నా దగ్గరే కూర్చుంది. ఎవరో నా ఫోటోలు ఎత్తుకుపోయారే, నువ్వు ఆ లైన్లోనే ఉన్నావు కదా, ఎవరో కనుక్కుని తీయించవే అంది.

చూస్తాలే అక్కా అన్నాను.

మార్చి 24

ఆపలేదు. ఈ వారం గడవనీ అనుకున్నాను.

మార్చి 27

ఆపాను. చాలా ఆలస్యంగా. బాగా నడిచే యాడ్లను ఈ లైన్లో అందరూ కాపీ కొడతారు, నేనూ కొట్టినదాన్నే. అక్క ముఖం ఇప్పుడు పదకొండు పేజీల్లో ఉంది. ఒకచోట పొట్ట తగ్గే బెల్టు. ఒకచోట 'ఇద్దరు పిల్లల తల్లి' అట. అక్కకు పిల్లల్లేరు. రిపోర్ట్ కొడుతున్నాను. ఒకటి పోతే రెండు లేస్తున్నాయి.

మార్చి 29

బట్టలు మడతపెడుతుంటే చెప్పేశాను. నేనే అక్కా అని.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మొదట వేసింది చూపించమంది. పెళ్ళి ఫోటో వేళ్ళతో పెద్దది చేసుకుని చాలాసేపు చూసింది. ఇక్కడ నా భుజం మీద ఆయన చెయ్యి ఉండాలి కదే, ఏమైంది అని అడిగింది.

చెరిపేశానని చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదని చెప్పలేదు.

మిగతా బట్టలు తనే మడతపెట్టింది. నావి వదిలేసింది.

ఏప్రిల్ 3

ఐదు రోజులుగా నాతో మాట లేదు. షాపుకు మాస్క్ పెట్టుకుని వెళ్తోంది.

ఏప్రిల్ 6

సాయంత్రం నా గది తలుపు కొట్టింది. అవన్నీ వెతికి ఒక్కొక్కటీ చూపించు అంది. క్షమించడానికి రాలేదు, పని మీద వచ్చింది. నేను వెతికిపెట్టాను. ప్రతిదాని కిందా తనే టైప్ చేసింది: 'ఈ ఫోటోలో ఉన్నది నేను. ఏ టీ తాగలేదు. మా ఆయన చనిపోయారు.' చాలాచోట్ల వెంటనే తీసేశారు. తను మళ్ళీ రాసింది.

ఏప్రిల్ 9

ఒక కాపీ కింద అక్క మాటలు మిగిలాయి. వాటి కింద ఎవరో అడిగారు: మావారు పోయి నెలైందండీ, మీకు మళ్ళీ అన్నం ఎప్పుడు సహించింది?

అక్క ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గంటనుంచి ఏదో టైప్ చేస్తూనే ఉంది.